అభిమానుల ధర్మాసనము

మహాభారతము ఆదిపర్వమునందు కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనమను ఘట్టమొకటి కలదు. ద్రోణాచార్యుడు తన శిష్యుల నేర్పు పౌరులకు తెలియవలెనని రంగము కట్టించి, వాద్యములు మ్రోయించి, అర్జునుని ప్రవేశపెట్టినాడు. ఆతని హస్తలాఘవమునకు జనులు మైమరచి జయజయధ్వానములు చేయుచుండగా, పిలువని పేరంటమునకు వచ్చినట్లు కర్ణుడు వచ్చి, అర్జునుడు చేసినదెల్ల తానును చేసి చూపినాడు. అంతటితో ఆ రంగమునందలి జనము రెండుగా చీలిపోయినది. పురుషులే కాదు, స్త్రీలును రెండు పక్షములైనారని వ్యాసభారతము చెప్పుచున్నది. క్రీడాభిమానుల కలహమునకు ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యమును వెదకనక్కరలేదు. ఆనాటి ప్రేక్షకులు ఏమేమి వాదించుకొనిరో కవి వివరింపలేదు కాని, వీరిద్దరిలో ఎవడెక్కువ కష్టపడినాడు, ఎవనికి విద్య పుట్టుకతో వచ్చినది, ఎవనికి గురువుగారి పక్షపాతము వలన వచ్చినది అను మాటలు ఆ గుంపులో తప్పక నడచియుండును. ఏలయన, చూచువానికి ఆటతో తృప్తి కలుగదు. ఆటగాని అంతరంగము కూడ చేతికి చిక్కవలెనని ఉండును.

ఈ సంగతి నాకు స్ఫురించినది మా చాట్రాయిలో, పారిస్ ఒలింపిక్సు తరువాత వచ్చిన వేసవియందు, ఒక మామిడితోటలోని పాకక్రింద. తెలంగాణ సరిహద్దునకు చేరువగా, నూజివీటి మామిడిసీమలో ఉన్న మా మండలము చిరకాలము కృష్ణాజిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలోనిది. జిల్లా మారినను కాయ మారలేదు, లారీ నున్న మార్కెట్టునకు పోవుట మానలేదు. ఆనాడు చిన్నరసాలు కోతకు వచ్చినవి. చిక్కపు కఱ్ఱలతో కోసిన కాయలను సొన కారిపోవుటకై తొడిమ క్రిందుచేసి పరచినారు. ట్రేలు సిద్ధముగా ఉన్నవి. రావలసిన లారీ మాత్రము రాలేదు. లారీ ఆలస్యమైనప్పుడు మనవారికి వాదముకంటె చవుకయైన కాలక్షేపము మరేమున్నది?

"సింధు పని అయిపోయింది బాబాయ్," అని ట్రేలు సర్దుచున్న కుఱ్ఱవాడొకడు మొదలుపెట్టినాడు. "పారిస్‌లో చూశాంగా. ఎప్పుడు చూసినా యాడ్‌లు, ఫంక్షన్లు. ప్రాక్టీసు మీద ధ్యాసుంటే అట్లా ఓడిపోద్దా?"

తోటను కౌలునకు తీసికొన్న పెద్దమనిషి, డెబ్బదియేండ్లు దాటినవాడు, చుట్ట నోటినుండి తీయకయే అన్నాడు: "ఆడపిల్ల, రెండు పతకాలు తెచ్చింది. ఇంకేం తెమ్మంటావురా? ఆ శ్రీకాంతు సంగతి చెప్పు. చేతిలో అంత ఆట పెట్టుకుని మనసు పెట్టడు. ఒళ్ళొంగని బాపతు."

ఇక చూడవలెను! కాయలు ఏరువారు, తూకము వేయువారు, ట్రాక్టరు తోలు కుఱ్ఱవాడు, అందఱును న్యాయమూర్తులే. ఒకరు సింధు పక్షము, ఒకరు శ్రీకాంతు పక్షము, మరియొకరు ఇరువురిని గద్దించి వారి గురువు గోపీచందు పక్షము. బ్యాడ్మింటను రాకెట్టు చేతబట్టినవారు అందులో ఇద్దరో ముగ్గురో ఉందురు. అయినను, ఎవరు కష్టజీవి, ఎవరు సోమరి అను విషయమున సందేహపడినవారు ఒక్కరును లేరు. తీర్పులన్నియు వెంటవెంటనే వెలువడినవి.

ఆ తీర్పుల తీరును కొంత పరిశీలింపవలెనని ఈ ప్రసంగము.

మొదట పూసర్ల వెంకట సింధు విషయము. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములు జరుగుచుండెను. విజయవాడ ఘట్టములయందు లక్షలాది జనులు మునకలు వేయుచున్న ఆ దినములలోనే, ఆగస్టు 19వ తేదీన, మనకు సాయంకాలమైన వేళ, రియో నగరమునందు సింధు ఒలింపిక్సు తుదిపోటీ ఆడినది. స్పెయిను దేశపు కరోలినా మారిన్‌తో మొదటి గేము 21-19తో గెలిచి, తక్కిన రెండును 12-21, 15-21తో ఓడి, రజతపతకము పొందినది. ఆ మరునాటినుండి తెలుగుదేశమంతట ఆమె శ్రమను గూర్చిన కథలే కథలు. శిక్షకుడు పుల్లెల గోపీచందు ఆమె చేతిఫోనును మూడు నెలలపాటు తీసివేసినాడనియు, ఆమెకు మిక్కిలి ఇష్టమైన తియ్యని పెరుగును, ఐస్‌క్రీమును ముట్టనీయలేదనియు, పతకము వచ్చిన పిదప ఇక అవి ఆమెకు ఇచ్చివేసెదనని చెప్పినాడనియు ప్రతి ఇంట చెప్పుకొన్నారు. ఆమె తండ్రి రమణ తానును వాలీబాల్ క్రీడాకారుడే. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యము పొందిన భారతజట్టులోనివాడు, 2000లో అర్జున పురస్కారము అందుకొన్నవాడు. కుమార్తె సాధనకు తోడుగా ఉండుటకై రైల్వే ఉద్యోగమునకు కొన్ని నెలలు సెలవు పెట్టినాడు. ఇవన్నియు నిజములే. తల్లిదండ్రులు తమ పిల్లలకు ఈ కథ చెప్పి ఫోను లాగికొనుటయు నాకు తెలియును. ఆ యేటి పిల్లలకు సింధుపై కొంత కోపము ఉండియుండవచ్చును.

అయితే ఒక్క ప్రశ్న. అదే సింధు, అదే ఫోను లేని మూడు నెలల అనంతరము, రియోలో మొదటి పోటీలోనే ఓడి తిరిగి వచ్చినదనుకొందము. అప్పుడు ఈ కథను ఎట్లు చెప్పుకొనియుందుము? "ఇరువది యొక్క ఏండ్ల పిల్లకు ఫోను లేకుండ చేసి, నోరు కట్టివేసి, మనసు విరిచివేసినాడు, అందుకే ఓడినది" అని గురువును నిందించియుందుము. వస్తువు ఒక్కటే, ఫలితము మారగానే తపస్సు హింస అగును. ఆటగాని దీక్షను గూర్చి మనము చెప్పు తీర్పులు, దీక్షను చూచి చెప్పినవి కావు. స్కోరుబోర్డును చూచి చెప్పినవి. గెలుపు ముందు వచ్చును, దీక్ష అను కారణమును మనము వెనుకకు నడచివెళ్ళి వెదకి తెత్తుము. ఓటమి వచ్చినప్పుడు అదే మార్గమున వెళ్ళి బద్ధకమును తెత్తుము.

తరువాతి సంవత్సరములను చూడుడు. 2017 ఆగస్టు 27న గ్లాస్గోలో ప్రపంచపోటీ తుది ఆట. జపాను దేశపు నొజోమి ఒకుహారాతో సింధు నూటపది నిమిషములు ఆడినది. రెండవ గేము చివర ఒక్క పాయింటునకు డెబ్బది మూడు దెబ్బల రాలీ నడచినది. 19-21, 22-20, 20-22: ఓడినది రెండు పాయింట్ల తేడాతో. మరుసటి యేడు నాంజింగులో మరల ప్రపంచపోటీ తుది ఆట, మరల మారిన్, మరల ఓటమి. ఆ యేడే కామన్వెల్తు క్రీడలలో సైనా నెహ్వాల్ చేతిలోను, ఆసియా క్రీడలలో తై జు యింగ్ చేతిలోను తుదిపోటీలు పోయినవి. అప్పటికి అభిమానుల ధర్మాసనము "ఫైనల్ అంటే భయము, గుండెలో కసి లేదు" అని తీర్మానించి సంతకము చేసినది. నూటపది నిమిషములు ఆ కోర్టుపై వంగి లేచి పరుగెత్తిన మనిషికి కసి లేదట! ఆ సంవత్సరము చివరన గ్వాంగ్‌ఝౌలో జరిగిన వరల్డ్ టూర్ ఫైనల్స్‌లో అదే ఒకుహారాను 21-19, 21-17తో ఓడించినప్పుడు ధర్మాసనము కొంచెము తడబడినది. 2019 ఆగస్టు 25న బాసెల్ నగరమునందు ప్రపంచ చాంపియన్‌షిప్పు తుదిపోటీలో, మరల అదే ఒకుహారాను 21-7, 21-7తో నలువది నిమిషములయినను పట్టకుండ ఓడించినప్పుడు, పాత తీర్పు కాగితము చింపివేసి, "మేము ముందే చెప్పినాము" అని క్రొత్త కాగితము వ్రాసికొన్నారు.

2020 అక్టోబరులో ఆమె లండనునకు పోయినది. కరోనా వలన పోటీలు ఆగియున్న కాలమది. ఆహారనియమము, అలసిన శరీరమును తిరిగి కోలుకొనజేయు విధానము అను వాటిని గూర్చి అక్కడి గేటరేడ్ క్రీడావిజ్ఞాన సంస్థ వారితో పనిచేయుటకు వచ్చితినని ఆమె చెప్పినది. కాని మనకు అంత చప్పని కారణము రుచించునా? ఇంటివారితో కలహమనిరి, గురువుతో తగవనిరి, శిబిరము విడిచి విహారమునకు పోయినదనిరి. తల్లిదండ్రులతో తనకు కలహమేమియు లేదని ఆమె బహిరంగముగా ఖండింపవలసి వచ్చినది. తిరిగి వచ్చి గచ్చిబౌలి స్టేడియమునందు కొరియా శిక్షకుడు పార్క్ తే సంగ్ వద్ద సాధన చేసి, 2021 ఆగస్టు 1న టోక్యోలో చైనా క్రీడాకారిణి హె బింగ్‌జియావోను 21-13, 21-15తో గెలిచి కాంస్యము పొందినది. రెండు ఒలింపిక్సులలో వ్యక్తిగత పతకములు పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. సరిగా మూడేండ్లకు, అదే ఆగస్టు 1వ తేదీన, పారిస్‌లో, అదే హె బింగ్‌జియావో చేతిలో 19-21, 14-21తో ఓడినది. మా తోటలోని కుఱ్ఱవాడు "ధ్యాస లేదు" అన్నది ఈ ఓటమిని గూర్చియే. ఆ రోజున ఆమెను ఓడించిన హె బింగ్‌జియావో ఆ పోటీలలో రజతపతకము తీసికొని వెళ్ళినదను మాట ఆతడు వినలేదు; విన్నను లెక్కింపడు, ఎందుకనగా మనవారు ఓడినప్పుడు ఎదుటివారు బాగుగా ఆడిరను కారణము మన ధర్మశాస్త్రములలో లేదు.

ఈ నడుమ మరియొక సంగతి ఉన్నది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో సింధు కెనడా దేశపు మిషెల్ లీని ఓడించి స్వర్ణపతకము గెలిచినది. ఆనాడు ఆమె ఎడమ చీలమండకు దెబ్బ తగిలియున్నది. తరువాత పరీక్షింపగా ఎముకలో సన్నని చీలిక, వైద్యులు స్ట్రెస్ ఫ్రాక్చర్ అనెడిది, బయటపడినది. ఆ యేడు ప్రపంచపోటీకి వెళ్ళలేదు, 2023 జనవరివరకు ఆటలో అడుగుపెట్టలేదు. ఈ గాయపు స్వభావము మిక్కిలి విచిత్రమైనది. ఒక్కసారి పడుటవలన వచ్చునది కాదు; ఒకే చోట ఒకే బరువు వేలసార్లు పడుటవలన, ఎముక తనను తాను బాగుచేసికొను వేగముకంటె అరుగుదల వేగము మించుటవలన వచ్చును. అనగా శ్రమ తక్కువైన ఆటగానికి ఇది సాధారణముగా రాదు. శ్రమ మించినవానికే ఎక్కువగా వచ్చును. అట్టి గాయమునుండి లేచివచ్చిన 2023లో ఆమె పోటీ వెంట పోటీ మొదటి ఆటలలోనే ఓడుచుండగా మనము ఏమన్నాము? "మునుపటి శ్రద్ధ లేదు" అన్నాము!

ఇక శ్రీకాంతు విషయము. కిడాంబి శ్రీకాంతు 1993లో రావులపాలెములో పుట్టినవాడు, గుంటూరువాడుగా ప్రసిద్ధుడు. అన్న నందగోపాలు ఆడుచుండగా తానును ఆటలోనికి వచ్చి, మొదట డబుల్సు ఆడి, గోపీచందు సలహాపై సింగిల్సునకు మారినాడు. ఈతని ముఖము చూచినవారికి పోటీ ఏ ఘట్టములో ఉన్నదో తెలియదు. గెలిచినను అదే ముఖము, ఓడినను అదే ముఖము. అరువడు, పిడికిలి బిగింపడు, పోయిన పాయింటునకు రాకెట్టును కోపగింపడు. నెట్టువద్ద మణికట్టు ఒక్కమారు త్రిప్పినచో షటిలు ఎదుటివాని పాదములవద్ద వ్రాలును. అది చూచి "ఆహా, భగవద్దత్తము" అందురు. సరిగా ఆ మాటయే ఆతని కొంప ముంచినది. దేవుడిచ్చినదన్నప్పుడు మనిషి చేసినదేమున్నది? గెలిచినప్పుడు కీర్తి దేవునికి, ఓడినప్పుడు నింద శ్రీకాంతునకు.

2014 జూలైలో ఆతడు హైదరాబాదులోని గోపీచందు అకాడమీలో స్పృహతప్పి పడిపోయినాడు. మెదడు పొరలకు వాపు వచ్చినదని వైద్యులు అనుమానించిరి, ఐ.సి.యు.లో ఉండవలసి వచ్చినది. ఆ నవంబరులో చైనా ఓపెన్ తుదిపోటీలో, చైనావారి సొంతగడ్డపై, రెండు ఒలింపిక్ స్వర్ణములు, ఐదు ప్రపంచ బిరుదులు గల లిన్ డాన్‌ను 21-19, 21-17తో ఓడించినాడు. ప్రాణాపాయమునుండి లేచిన నాలుగు నెలలకు ఒళ్ళొంగనివాడు ఈ పని చేయగలడా? 2017లో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్కు, ఫ్రెంచి సూపర్ సిరీస్ బిరుదులు నాలుగును ఒక్క యేటనే గెలిచినాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచమున ప్రథమస్థానమునకు వచ్చినాడు. పిమ్మట మోకాలు బాధించినది, ఆట జారినది, కరోనా వలన అర్హతపోటీలు రద్దయి టోక్యోకు పోలేకపోయినాడు. "చెప్పలేదా, బద్ధకమని" అన్నారు. 2021 డిసెంబరులో స్పెయినునందలి ఉవెల్వాలో ప్రపంచపోటీ తుదివరకు పోయి రజతము తెచ్చినాడు. భారతీయ పురుషులలో అంతవరకు పోయిన మొదటివాడు. 2022 మే నెలలో బ్యాంకాకులో థామస్ కప్పు జట్ల తుదిపోటీయందు ఇండోనేషియావాడైన జొనాథన్ క్రిస్టీని 21-15, 23-21తో ఓడించి, డెబ్బదేండ్లకు పైబడిన ఆ పోటీ చరిత్రలో భారతదేశమునకు మొదటిసారి కప్పును నిశ్చయము చేసినది ఆతడే. మా పెద్దమనిషి ఈ సంగతి వినగానే చుట్ట తీసి, "ఆ రోజు మనసు పెట్టుంటాడు లే" అన్నాడు. ఏమనవలెను? ఓడిపోవు సిద్ధాంతము లోకమున లేదు!

అభ్యాసము పరిపక్వమైన కొలది తన జాడలను తానే చెరిపివేసికొనును. క్రొత్తగా నేర్చుకొనువాని శ్రమ ప్రతి కదలికలోను కనబడును. పదివేలసార్లు చేసినవాని శ్రమ ఆ చేష్టలోనే కరగిపోయి, చూచువానికి సులభమను భ్రాంతిని కల్పించును. కావున చెమటను చూచి దీక్షను కొలుచు అభిమాని, ఎవరిది అత్యంత సాధనయో వారికే అన్యాయము చేయును. క్రికెట్టులో వంగిపూరపు వెంకటసాయి లక్ష్మణునకు కూడ ఇదియే జరిగినది. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఫాలో ఆన్ ఆడుచున్న భారతజట్టు కొఱకు, నాలుగవ రోజంతయు ద్రావిడుతో కలిసి ఒక్క వికెట్టు పడనీయక, 281 పరుగులు చేసినవానిని గూర్చి జనులు చెప్పుకొనునది ఆ మణికట్టు సౌందర్యము. నొప్పి పెట్టుచున్న నడుముతో ఎండలో దినమెల్ల నిలబడిన మొండితనమును చెప్పుకొనువారు తక్కువ.

ఆదిపర్వముననే, నేను మొదట చెప్పిన ప్రదర్శనమునకు ముందు, మరియొక కథ ఉన్నది. అర్జునుడు ఒకనాటి రాత్రి భుజించుచుండగా గాలికి దీపమారిపోయినది. చీకటిలోను చేయి నోటికే పోవుచుండుట గమనించి, అలవాటుపడిన చేతికి వెలుతురుతో పని లేదని గ్రహించి, నాటినుండి రాత్రులయందు బాణము వేయుట సాధన చేయసాగినాడు. ఆ వింటినారి మ్రోత విని ద్రోణుడు లేచివచ్చి కౌగిలించుకొన్నాడు. రంగమున ఆతని నేర్పును చూచినవారు వేలకొలది. చీకటిలోని ఆ మ్రోతను విన్నవాడు గురువొక్కడే. హైదరాబాదు అకాడమీలో తెల్లవారక మునుపే మొదలగు సాధన ఎట్టిదో గోపీచందునకు తెలియును. మిక్కిలి మెత్తని స్వభావముగల సింధును కోర్టు నడుమ నిలబెట్టి, అందఱి యెదుట గట్టిగా అరచినగాని రాకెట్టు ముట్టనీయనని పట్టుబట్టి, ఆమె కన్నీరు కార్చినను విడువక అరిపించినాడని ఆతడే చెప్పినాడు. మోకాలు చెడి శస్త్రచికిత్సలకు లోనై, తిరిగి లేచి, 2001లో ఆల్ ఇంగ్లండు గెలిచినవాడు గనుక, శ్రమ యనగా ఏమో, శ్రమ మించుట యనగా ఏమో రెండును తెలిసినవాడు. అట్టివాడు చెప్పు తీర్పు వేఱు, టీ కొట్టు వద్ద మనము చెప్పు తీర్పు వేఱు.

ఈ తీర్పుల వ్యాధి మన దేశమునకే పరిమితమైనది కాదు. అమెరికావారి బాస్కెట్‌బాల్ ఆట 1891లో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు వ్యాయామశాలలో పీచ్ పండ్ల బుట్టలు రెండు ఎత్తుగా తగిలించుటతో పుట్టినది. పండ్ల బుట్టనుండి పుట్టిన ఆట గనుక మా తోటలవారికి దానిపై కొంత హక్కు ఉండవలెను. ఆ ఆటలో అలెన్ ఐవర్సన్ అను మేటి ఉండెడివాడు. ఆరడుగుల మనిషి, ఏడడుగులవారి నడుమ దూరి ఆడెడివాడు, 2001లో అక్కడి లీగులో సర్వోత్తమ క్రీడాకారుడుగా ఎన్నికైనాడు. 2002 మే నెలలో ఆతని జట్టు పోటీనుండి నిష్క్రమించిన పిదప, ప్రాక్టీసునకు సరిగా రాడను నిందను గూర్చి విలేఖరులు అడుగగా, ఆతడు విసిగి, మనము మాటలాడుచున్నది ఆటను గూర్చి కాదు, ప్రాక్టీసును గూర్చియా అని, ఆ "ప్రాక్టీసు" అను మాటనే ఇరువది మారులకు పైగా వల్లించినాడు. దేశమంతయు నవ్వినది. నేటికిని నవ్వుచున్నది. బద్ధకమునకు ఆ మాటలే శాశ్వతోదాహరణమైనవి. అంతకు కొన్ని నెలలు ముందు ఆతని ప్రాణమిత్రుడు తుపాకి కాల్పులలో హతుడైనాడను సంగతి ఆ సమావేశమునందే ఆతని మాటలలో దొర్లినది, విన్నవారు తక్కువ. ఆ సంవత్సరము నలువదియెనిమిది నిమిషముల ఆటలో సగటున నలువదిమూడు నిమిషములకు పైగా ఆడి, ఆ సగటులో లీగున అందఱిని మించినవాడు ఆతడే. ప్రాక్టీసునకు రాకపోవుట తప్పు కాదని నేననను. శిక్షకునకు కోపము వచ్చుట న్యాయమే. కాని శిక్షకుని కోపము వేఱు, నవ్విన దేశము వేఱు.

ఇచ్చట మా పెద్దమనిషికి న్యాయము చేయవలెను. ఆతడు వాదమున ఎంత మొండివాడైనను చెట్టు విషయమున మహాజ్ఞాని. ఆ కుఱ్ఱవాడు "పోయినేడు గెలిచిన మనిషి ఈ ఏడు ఎందుకు గెలవదు" అని రెట్టించినప్పుడు, ఎదుటనున్న బంగినపల్లి చెట్టును చూపి, "అదుగో, నిరుడు కొమ్మలు విరిగేట్టు కాసింది. ఈ ఏడు నాలుగు ట్రేలు రాలేదు. దాన్ని కూడా బద్ధకం అందామా?" అన్నాడు. మామిడి స్వభావమే అట్టిది. విరగకాచిన యేడు చెట్టు తనలోని పిండిపదార్థమును చాలవరకు కాయకు పెట్టివేయును. కాచిన కొమ్మ చివర క్రొత్త చిగురు వేసి, ఆ చిగురు ముదిరినగాని మరల పూత పట్టదు. అందువలన మరుసటియేడు ఆకులతో నిండుగా నిలిచి ఊరకుండును. చూచువానికి ఊరకుండుట, చెట్టునకు అదియే పని. ఏటేటా కాపించవలెనని చెట్టు మొదలులో కల్టారు అను మందు పోయువారును కలరు. మోతాదు తెలిసి పోసినచో ఫలితమిచ్చును, మించినచో చిగుళ్ళు కురుచయై, పూత ముద్దగట్టి, చెట్టే కుంగును. ప్రతి పోటీలోను గెలువవలెనని అడుగు అభిమాని చేతిలోని సీసా అట్టిదేనని మా పెద్దమనిషి అనలేదు, నేను అనుచున్నాను. పోటీకి ముందు సాధనను తగ్గించుట, నడుమనడుమ విశ్రాంతి ఇచ్చుట నేటి క్రీడాశిక్షణలో ముఖ్యాంగములు. శ్రమలో కండకు కలిగిన అలసట విశ్రాంతిలోనే తీరి బలముగా మారును. పోటీ మానివేసి ఇంటనున్న క్రీడాకారిణి ఆ సమయమున తన వృత్తిధర్మమునే నెరవేర్చుచుండవచ్చును.

అభిమానికి తీర్పు చెప్పు హక్కే లేదని నా యభిప్రాయము కాదు. టిక్కెట్టు కొన్నవాడు, నిద్ర మానుకొని తెల్లవారుజామున చూచినవాడు, ఓడినప్పుడు అన్నము సహింపనివాడు ఏమియు అనకూడదనుట అన్యాయము. ఈ దెబ్బ తప్పు, ఆ సర్వీసు పొట్టి, మూడవ గేములో వ్యూహము మార్చలేదు అని ఎంతయైనను అనవచ్చును; అవి కన్నులకు కనబడునవి. కాని మనకు సినిమా హీరోల అభిమానసంఘముల అలవాటు ఒకటి ఉన్నది. తెరమీది మనిషి మంచివాడా చెడ్డవాడా అను నిర్ణయము మొదటి రీలులోనే జరిగిపోవలెను. ఆ అలవాటును ఆటస్థలమునకు తెచ్చి, సరిగా పడని దెబ్బనుండి సరిగాలేని శీలమునకు ఒక్క గంతున దూకుచున్నాము.

ఆ గుంపులో వాలీబాల్ ఆడు కుఱ్ఱవాడొకడు ఉండెను. అంతసేపు మాటలాడలేదు. అందఱు అలసిన పిదప, "ఫేసు చూడకండి, కాళ్ళు చూడండి," అన్నాడు. బ్యాడ్మింటనులో దెబ్బ కొట్టిన ప్రతిసారియు ఆటగాడు కోర్టు నడిమికి తిరిగి రావలెను. మొదటి గేములో ప్రతివాడును వచ్చును. మూడవ గేములో, పదునెనిమిది పాయింట్ల తరువాత, వెనుక మూలకు పోయి కొట్టినవాడు ఇంకను నడిమికి వచ్చుచున్నాడా, లేక సగము దూరమున ఆగిపోవుచున్నాడా చూడవలెను. సింధు ఎత్తు అయిదడుగుల పదంగుళములు. అంత పొడవైన మనిషి నేలకు తాకబోవు షటిలును తీయవలెనన్నచో ప్రతిసారియు మోకాలు వంచి శరీరమునంతయు దించవలెను. కాళ్ళు అలసినవాడు ఆ పని చేయడు, నడుము మాత్రమే వంచును. చేసిన సాధన బయటపడునది అక్కడ. "దమ్ముందో లేదో అక్కడ తెలుస్తుంది మాస్టారూ," అని నావైపు తిరిగి అన్నాడు, "మనసుందో లేదో అక్కడ కూడా తెలీదు." ఆ పాకక్రింద ఆనాడు పలికిన మాటలలో నాకు నచ్చినది ఇదియొక్కటే.

అంతటితో ఊరుకొనక ఆతడొక పందెము ప్రతిపాదించినాడు. ఇకమీదట ఎవరు ఏ ఆటగాని దీక్షను గూర్చి తీర్పు చెప్పదలచినను, మ్యాచి ఆరంభము కాకముందే చెప్పవలెను. చెప్పినది కాగితముపై వ్రాసి సంతకము పెట్టవలెను. ముగిసిన తరువాత చెప్పినది చెల్లదు. ట్రేలు సర్దు కుఱ్ఱవాడు ఒప్పుకొనలేదు. "ఆడకముందే ఎట్లా తెలుస్తది?" అన్నాడు. మా పెద్దమనిషియు మొదట అదే మాట అనబోయి, ఎందుకనో ఆగి, పగలబడి నవ్వినాడు. మా సీమలో తోటలను కాయ చూచి కొనువారు తక్కువ. పూతమీదనే బేరము కుదిరి, బయానా చేతులు మారును. మంచు వచ్చినను, తేనెమంచు పురుగు పట్టినను, ఈదురుగాలి కొట్టినను నష్టము కొన్నవానిదే. ఏబదియేండ్లుగా ఆతడు చేయుచున్న వ్యాపారమదియే.

"పూత మీద కొని నేను ఎన్నిసార్లు మునిగానో మీకెవరికీ తెలీదురా," అన్నాడు. "సరే, రాయండి. సింధు మీద నా బయానా వేసుకోండి. శ్రీకాంతు సంగతి రేపు చెప్తా." ఇంతలో లారీ వచ్చినది.